గన్నేరు పూలు, చేదు వేరు



నేను రాస్ లఫాన్‌లో కంప్యూటర్ల పని చేస్తాను. దోహాకు ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్లు. ఒకవైపు సముద్రం, మిగతాదంతా ఇసుక, గ్యాస్ ప్లాంట్లు. వాన అరుదు. అయినా మా క్యాంపు గేటు పక్కన గన్నేరు విరగబూస్తుంది. మన దొడ్లో పూసే గన్నేరే. మధ్యధరా ప్రాంతంలో ఎండిన వాగుల వెంట కూడా పెరుగుతుంది.

తోటపని చేసే కరీంనగర్ తమ్ముడు చెప్పాడు: పైపైన చిలకరిస్తే వేరు పైనే ఉండిపోతుందట. మొదలు బాగా తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. యిర్మీయా 17వ అధ్యాయంలో నీటివైపు వేళ్లు చాచిన చెట్టు గుర్తొచ్చింది. నేనూ అలాంటివాణ్నే అని మురిశాను.

పూత అయ్యాక అతను కొమ్మలు కత్తిరించాడు, చేతులకు గ్లౌజులు వేసుకుని. ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. కొట్టిన కొమ్మల్ని కాల్చకూడదు, పొగ కూడా మంచిది కాదు.

నాన్న పోయాక ఇంటి వాటా దగ్గర మాట పెరిగి, రెండేళ్లుగా అన్నయ్యతో నాకు మాటల్లేవు. శుక్రవారం ఆరాధనలో పాటలు మాత్రం నడిపిస్తున్నాను. పూలకేం లోటు? చేదు వేరు మొలిస్తే అనేకులు అపవిత్రులవుతారని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం హెచ్చరిస్తుంది. మా పిల్లలు పెదనాన్న పేరెత్తడం మానేశారు. మీ ఇంట్లో అలా పేరెత్తని మనిషి ఎవరు?

నిన్న నైట్ షిఫ్టు దిగి ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. "ఆయన పొలానికెళ్లారు, సాయంత్రం చెయ్యయ్యా" అంది. సాయంత్రం చేయలేకపోయాను. ఈరోజు చేస్తాను. నా కోసం ప్రార్థించండి.