రఫ్ జర్నల్

మా నాయిన రైల్వేలో గూడ్స్ గార్డు. బండి ఏ స్టేషన్ ఎన్నింటికి దాటింది, సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడింది, అన్నీ రఫ్ జర్నల్‌లో ఎక్కించేవాడు. "అందాజుగ టైమ్ వేసేటోడు గార్డే కాదు" అనేవాడు.

ఆయన కొడుకుని, రెండు వారాలు దొంగ జర్నల్ రాశాను.

హైదరాబాద్ విద్యానగర్‌లో మా ఇంటికి పట్టాలు దగ్గర. జామియా ఉస్మానియా వైపు నుంచి కాచిగూడకు పోయే గూడ్స్ అర్ధరాత్రి దాటాక కూత వేస్తే ఆయన లేచి కూర్చుంటాడు. "కాల్ బాయ్ వచ్చిండు, తలుపు తియ్యి రా." ఫోన్లు లేని రోజుల్లో డ్యూటీకి పిలవడానికి సైకిల్ మీద మనిషి వచ్చేవాడు, కాల్ బుక్‌లో సంతకం తీసుకుని పోయేవాడు. ఆ మనిషి రావడం మానేసి ఎన్నేళ్ళయిందో. మతిమరుపు ఆయన్ని మళ్ళీ పిలిపించింది.

మొదట్లో ధైర్యంగానే ఉన్నాను. మన నిమ్స్‌లోనే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో అచ్చు వేసింది. రెండు భాషలు వచ్చినవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని. నాయినకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, కొంచెం తమిళం. బండి లేటని చెప్పారు గానీ రద్దయిందని చెప్పలేదు కదా. ఆ తేడా నాకు తర్వాత తట్టింది.

నాయినను చూసే డాక్టరు నోట్‌బుక్ పెట్టమన్నారు. ఎప్పుడు పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు, పగలు ఎంత కునికాడు. కంటి నరాలు రెండూ కలిసే చోటికి కాస్త పైన, మెదడులో వేల కణాల చిన్న గుంపు ఒకటి ఉంటుందట, ఒంటికి అదే గడియారం. అల్జీమర్స్‌లో అది కూడా దెబ్బతింటుంది. అందుకే పొద్దున వెలుతురు, పగటి కదలిక, రాత్రి చీకటి, మూడింటినీ కలిపి చూడాలి.

చేతికి నిద్ర లెక్కగట్టే వాచీ కూడా కట్టాను. దానికి తెలిసింది చెయ్యి కదలడమొక్కటే. సిగ్నల్ కోసం గంటలు కూర్చున్న మనిషి, కళ్ళు తెరిచి ఫ్యాను చూస్తూ మెదలకుండా పడుకోగలడు. వాచీ అదంతా నిద్ర కింద కట్టేది. దాన్ని చూసి నవ్వాను. పాపం, అది తెలియక తప్పు చెప్పింది.

నేను తెలిసి చెప్పాను. మూడో రోజుకే అలసిపోయి పక్కగదిలో పడి నిద్రపోయాను. పొద్దున లేచి '1:00 నుంచి 4:00 మెలకువ' అని వేశాను. ఆ తర్వాత రోజూ అదే. అందాజు కూడా కాదు, కావాలని పెంచి రాసింది. గంట మెలకువకు నిద్రమాత్ర పెంచరు, మూడు గంటలకైతే పెంచుతారు. ఆయన పడుకుంటే నేను పడుకోవచ్చు. మధ్యాహ్నం మూడు గంటలు గుర్రుపెట్టేవాడన్న సంగతి అసలు రాయలేదు. ఆ మూడు గంటలే ఇంట్లో మాకు ప్రశాంతం, వాటిని ఎవరైనా తీసేస్తారని భయం.

మాత్ర పెంచారు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి అది సరైన నిర్ణయమే. నాలుగో పొద్దున బాత్రూం గుమ్మం దగ్గర జారిపడ్డాడు. ఎముక విరగలేదు. నేలమీద కూర్చుని, నా మొహం చూసి, "బండి ఎక్కడాగింది?" అని అడిగాడు. మత్తులో మాట ముద్దగా వచ్చింది.

డాక్టరుకు చెప్పడానికి వారం పట్టింది. ఆ వారమంతా మాత్ర మింగించాను. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆమె తిట్టలేదు, మాత్ర తగ్గించి, "పగలు పడుకోనివ్వకండి, పొద్దున్నే ఎండలో నడిపించండి" అన్నారు. ఇప్పుడు ఆరున్నరకు ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తున్నాం. కొన్ని రాత్రులు బాగుంటున్నాయి, కొన్ని లేవు.

మొన్న మళ్ళీ కాల్ బుక్ అడిగాడు. నోట్‌బుక్కే చేతికిచ్చాను. సంతకం పెట్టబోయి ఆగి, పై గీతలో ఖాళీ మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ టైమ్ వెయ్యలేదేం రా?"

"నిద్రపోయిన నాయినా. తెల్వదు."

"అదే రాయి" అని సంతకం పెట్టాడు. గోడ గడియారం చూసి కింద 3:20 వేశాను.