చెమ్మ ఎక్కడనుండి వచ్చెను?

ధ్యాన భాగము: లేవీయకాండము 14:33–53



లేవీయకాండములో 14వ అధ్యాయము రాగానే మనలో అనేకులు పుటలు త్రిప్పివేయుదురు. పక్షులు, హిస్సోపు, దేవదారు కఱ్ఱ, ఇవి మనకు సంబంధించినవి కావని తలంతుము. అయితే 33వ వచనము మొదలుకొని అక్కడ ఒక ఇంటి గోడను గూర్చిన సంగతి యున్నది. గోడలో పచ్చగానో ఎఱ్ఱగానో మచ్చలు పుట్టినయెడల ఇంటివాడు ఏమి చేయవలెను, యాజకుడు ఏమి చేయవలెను అని అందులో విధింపబడినది. కృష్ణా డెల్టాలో కాపురముండు మనకు గోడ చెమ్మ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మా సంఘములో జరిగిన యొక విషయమునుబట్టి ఈ భాగమును చూతము.

మా దేవాలయము ఇటుకతోను సున్నముతోను కట్టిన పాత కట్టడము. ఒక వర్షకాలమున ఉత్తరపు గోడకు లోపల, స్త్రీలు కూర్చుండు వైపున, నడుము ఎత్తువరకు చెమ్మ ఎక్కెను. వెల్ల పొక్కి పెచ్చులుగా రాలెను. చెమ్మ ఆగినచోట తెల్లని ఉప్పు గీత గీచినట్లు నిలిచెను. ఆ గోడ కవతల మన సంఘపు కుటుంబమొకదాని దొడ్డి యున్నది. వారి స్నానపు బండయు జలదారియు గోడకు నాలుగు మూరల దూరములోనే యున్నవి. ఇంకేమి కావలెను? కమిటీ కూడినది. పావుగంట కూడ పట్టలేదు. ఆ నీళ్లే కారణమని తీర్మానమైనది. అందరికంటె గట్టిగా మాటలాడినవాడను నేనే.

వారు కూలి చేసికొని బ్రదుకువారు. ఆ యింటి తల్లి మారు పలుకక జలదారి పూడ్చివేసి, ఎనిమిది నెలలు స్నానపు నీళ్లను, అంట్లు తోమిన నీళ్లను బిందెలతో వీధి చివరి కాలువకు మోసి పోసెను. ఆదివారపు ఆరాధనకు వారు వచ్చుట తగ్గెను, తరువాత బొత్తిగా మానిరి. మానినందుకు కూడ మేము వారినే తప్పు పట్టితిమి. ఈలోగా గోడకు రెండు సార్లు వెల్ల వేయించితిమి. రెండు సార్లును మచ్చ తిరిగి వచ్చెను. బలములేని గోడకు పైపూత పూయువారిని గూర్చి యెహెజ్కేలు 13వ అధ్యాయములో నున్న మాట మాలో ఒక్కనికైనను జ్ఞాపకము రాలేదు.

వేసవిలో పొరుగూరినుండి ఒక వృద్ధుడైన తాపీమేస్త్రీని పిలిపించితిమి. ఆయన మన విశ్వాసి కాడు. అయినను ఆ దినమున లేవీయకాండములోని యాజకుని పని ఆయనే చేసెను. గోడమీద చెయ్యి వేయకమునుపే ప్రశ్నలు అడిగెను. మచ్చ పైనుండి దిగినదా, క్రిందనుండి ఎక్కినదా? వాన కురిసిన మరునాడు పెరుగునా, ఎండలలోను అట్లే యుండునా? ఇది మొదట కనబడుటకు ముందు ఈ కట్టడమునకు మీరేమి చేసితిరి?

ఆయన చెప్పినది మీ యిండ్లకును పనికివచ్చును గనుక వ్రాయుచున్నాను. పైకప్పు కారినను పిట్టగోడ బీట వారినను మచ్చ పైనుండి దిగును, వాన వెలిసిన కొన్నాళ్లకు ఆరును. గొట్టము కారినయెడల వాన ఎండలతో నిమిత్తము లేక ఒక్కచోటనే తడిగా నుండును. గదిలోని ఆవిరి చల్లని గోడ తగిలి నీరగుచున్నదో, గోడలోనుండియే నీరు వచ్చుచున్నదో తెలియనప్పుడు, ఒక పాలిథీను ముక్కను నాలుగు అంచులును గోడకు అంటించి రెండు దినములు ఉంచవలెను. నీటి బిందువులు దాని గదివైపున కనబడినయెడల అది గాలిలోని ఆవిరి, గోడవైపున కనబడినయెడల అది గోడలోని చెమ్మ. ఇక భూమిలోని చెమ్మ యున్నదే, అది దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకలలోని సన్నని రంధ్రములగుండ పైకి ఎక్కును. సాధారణముగా మూడడుగుల ఎత్తువరకు పోయి, తాను మోసికొని వచ్చిన ఉప్పును అక్కడ విడుచును. ఆ ఉప్పు వానకాలపు గాలిలోని తేమను కూడ పీల్చుకొనును. అందుచేత ఎన్ని వెల్లలు వేసినను మచ్చ మరల పైకి వచ్చుచుండును.

ఇంతలో ఆయన దక్షిణపు గోడయొద్దనున్న బీరువాను జరుపుమనెను. కీర్తనల పుస్తకములు, పాత రిజిస్టరులు ఉంచు బీరువా అది. దానిని కదిపి ఎన్నేండ్లైనదో ఎవరికిని తెలియదు. నలుగురము పట్టి జరిపితిమి. వెనుక అదే మచ్చ, అదే ఎత్తు, అదే ఉప్పు గీత! ఆ గోడ కవతల ఏ యిల్లును లేదు, ఏ జలదారియు లేదు, ఉత్త ఖాళీ స్థలము.

మాలో ఎవరును మాటలాడలేదు. ఆయన బయటికి పోయి గోడ ప్రక్కను పలుగుతో త్రవ్వించెను. నాలుగేండ్ల క్రిందట మేము ఆవరణము పల్లముగా నున్నదని రెండడుగుల మట్టి తోలించి, గోడలవరకు సిమెంటు గచ్చు చేయించి, లోపల కూడ నడుము ఎత్తువరకు నున్నగా సిమెంటు పూయించితిమి. పూర్వికులు గోడ అడుగుభాగమును నేలకు రెండడుగులు ఎత్తుగా కట్టినది వేడుకకు కాదు. భూమిలోనుండి ఎక్కు చెమ్మ ఆ రెండడుగులలోనే సున్నపు పూతగుండ గాలికి ఆరిపోవుచుండెను. మేము ఆ భాగమును మట్టితో పూడ్చి, మిగిలినదానిని సిమెంటుతో మూసితిమి. ఆరుటకు త్రోవలేక చెమ్మ పైకి ఎక్కినది. ఆ పనికి చందాలు వసూలు చేసినవాడను, పని ముగిసిన దినమున దండ వేయించుకొన్నవాడను ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

మచ్చను చూచి మేము అడిగినది “ఎవరు?” అని. మేస్త్రీ అడిగినది “ఎక్కడనుండి?” అని. మన భాషలో కారణము, కారకుడు అను మాటలు అన్నదమ్ములవలె నున్నవి గనుక, ఒకరు దొరకగానే రెండవది కూడ దొరికినట్లే యెంచుచున్నాము. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు కూడ, పాపము వీనిదా వీని తలిదండ్రులదా అనియే ప్రభువును అడిగిరి (యోహాను 9). ఆయన ఇద్దరిదియు కాదనెను. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు కూడ, వారు ఇతరులకంటె అపరాధులని తలంచుటకు ఆయన ఒప్పుకొనలేదు (లూకా 13).

ఇప్పుడు ధ్యాన భాగమును చూడుడి. ఇంటివాడు యాజకునియొద్దకు పోయి, తన యింట అట్టిదేదో ఉన్నట్లు తనకు అగపడుచున్నదని మాత్రమే తెలుపవలెను (35వ వచనము). క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన యూదుల మిష్నాలో దీనిని గూర్చి ఒక వివరణ కలదు: ఆ మనుష్యుడు పండితుడై, అది తెగులే యని ఎరిగినను, నిశ్చయముగా చెప్పరాదట. యాజకుడు లోనికి పోకమునుపు ఇంటిలోని సామానంతయు బయట పెట్టవలెను, ఏలయనగా తీర్పు అయిన తరువాత లోపలనున్నదంతయు అపవిత్రమగును (36వ వచనము). బీదవాని మట్టి కుండలు కూడ చెడకుండవలెనని దేవునికి అంత విచారము! తరువాత ఏడు దినములు ఇల్లు మూయవలెను, మరల చూడవలెను. వ్యాపించినయెడల ఆ రాళ్లను మాత్రము తీసి, గోడ గీకి, వేరు రాళ్లు వేసి, క్రొత్త అడుసు పూయవలెను. అప్పటికిని తిరిగి వచ్చినప్పుడే ఇల్లు పడగొట్టవలెను. ఆ వచనములన్నిటిలో ఇంటివాని పాపమేమని ఎక్కడను అడుగబడలేదు. ఆ పొడను పుట్టించువాడను నేనే యని దేవుడు 34వ వచనములో చెప్పియు దానిని అడుగలేదు. మా కమిటీకి ఏడు దినములు కాదు, పావుగంట చాలినది.

ఒకవేళ వారి నీళ్లే కారణమై యుండినయెడల ఏమందువని మీరు అడుగవచ్చును. అట్లు పాడైన గోడలు నిజముగా ఉన్నవి. అయినను ఆ జలదారి మా సిమెంటుకంటె ఎంతో ముందుది. సంఘమే ఖర్చు పెట్టుకొని వారికొక మంచి తూము కట్టించి యుండవలసినది. కారణమైనంత మాత్రమున దోషులు కారు.

నన్ను ఎక్కువగా బాధించునది ఇంకొకటి. తప్పు మాదే యని తేలిన ఆ సాయంకాలమే, “తెలియక చేసితిమి గదా” అని ఒకరినొకరము ఓదార్చుకొంటిమి. ఆ మాట మాకు వెంటనే దొరికినది. ఎనిమిది నెలలలో ఆ కుటుంబము నిమిత్తము అది ఒక్కని నోటికిని రాలేదు. పైగా అదే లేవీయకాండము 4వ అధ్యాయము 13వ వచనమునుండి చదివినయెడల, సమాజమంతయు పొరబాటున చేసిన తప్పు సంగతి యున్నది. అది తెలియబడగానే బలి తేవలెను, పెద్దలు దానిమీద చేతులుంచవలెను. తెలియక చేసినందున ఏమియు చేయనక్కరలేదని అక్కడ లేదు.

మట్టిని గోడలనుండి వెనుకకు తీయించితిమి. లోపలి సిమెంటును ఉప్పు గీతకు ఒక అడుగు పైవరకు కొట్టివేయించి, ఉప్పును నీళ్లతో కడుగక పొడి కుంచెతో దులిపించితిమి. ఇట్టి గోడ అంగుళమునకు నెల చొప్పున ఆరునని కట్టుబడివారి లెక్క. మా గోడ దళసరి 14 అంగుళములు. అంతవరకు సున్నము కూడ పూయవద్దని మేస్త్రీ చెప్పి పోయెను.

పెద్దలము అయిదుగురము ఆ యింటికి పోయితిమి. నేను చెప్పవలసినది చెప్పితిని. జలదారిని మరల మా ఖర్చుతో బాగుచేయింతుమంటిని. ఆ తల్లి బియ్యము ఏరుచు చాలసేపు తల యెత్తలేదు. తరువాత, “గోడ ఆరనీ బాబాయ్. వస్తాంలే” అనెను.

రెండు వర్షకాలములు గడచినవి. ఉత్తరపు గోడమీద చెమ్మ జానెడు ఎత్తుకు దిగినది. ఆమె పిల్లలు సండేస్కూలుకు వచ్చుచున్నారు. ఆమె క్రిస్మసు ఆరాధనకు వచ్చి, తలుపు దగ్గర కూర్చుండి, కడపటి కీర్తనకు ముందే లేచి పోయెను.