మూగజీవాలు మన చేతిలో అమానతు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో టమాటా, కూరగాయలు, పూలు పండించే రైతులకు పాము భయం కొత్త కాదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి పొలం పోయిన మనిషిని కట్లపామో రక్తపింజరో కాటేస్తే, అల్లాహ్ అనుగ్రహంతో అతణ్ణి బ్రతికించేది విష విరుగుడు సూది. ఆ మందు ఎలా తయారవుతుంది? గుర్రానికి పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాని రక్తంలో విషాన్ని ఎదిరించే శక్తి పెరిగాక, ఆ రక్తం తీసి మందు చేస్తారు. మందు శక్తిని ఎలుకలపై పరీక్షిస్తారు.

జంతువులపై ప్రయోగాలు పూర్తిగా ఆపాలని కొందరు ఉద్యమిస్తున్నారు. సృష్టి అంతా మనకోసమే కదా, అడిగేదెవరని మరికొందరు అంటారు. ఈ విషయంలో ఇస్లాం చూపే మార్గం ఏది?

జంతువులూ పక్షులూ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) తెలియజేస్తోంది. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకం పాలైందని, దప్పిగొన్న కుక్కకు నీళ్లు తాపిన వ్యక్తి మన్నింపు పొందాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. ప్రాణమున్న దాన్ని గురిపెట్టి కొట్టడాన్ని ఆయన నిషేధించారు. జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టి, జంతువుకు బాధ తగ్గించమన్నారు. అంటే వాడుకోవడానికి అనుమతి ఉంది, హింసించడానికి లేదు.

మరి రెంటికీ మధ్య గీత ఎక్కడ? అనివార్యత ఇచ్చే అనుమతి ఆ అనివార్యత మేరకేనన్నది ధర్మశాస్త్ర పండితుల సూత్రం. పాము కరిచిన రైతు ప్రాణం అనివార్యత. ముఖానికి పూసుకునే క్రీము కోసం కుందేలు కంట్లో రసాయనం పోయడం అనివార్యత కాదు. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. అలా పరీక్షించిన వాటి దిగుమతినీ అదే ఏడాది ఆపారు. వైద్య కళాశాలల్లో నమూనాలతో, పుస్తకాలతో, ఫిల్ములతో పని జరిగితే జంతువుల జోలికి పోరాదని 1960 నాటి చట్టమే చెబుతోంది. వైద్య కళాశాలలున్న చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఇది దూరపు మాట కాదు. 2023లో మందుల నిబంధనలను సవరించి, మానవ కణాలతో, కంప్యూటర్లతో చేసే పరీక్షలకూ చోటిచ్చారు.

ఇక్కడే మనం ఆలోచించాలి. వేరే దారి లేనప్పుడు ఉన్న అనుమతి, దారి దొరికాక ఉండదు. నిన్న అవసరమైన ప్రయోగం రేపు జుల్మ్ కావచ్చు. కాబట్టి వేరే దారి వెతకమని కోరేవారు మనకు శత్రువులు కారు. వారు మన బాధ్యతనే మనకు గుర్తుచేస్తున్నారు. అయితే ఆ దారి దొరికేదాకా రైతును చావనిమ్మని అనడమూ దయ కాదు. ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమన్నది ఖుర్ఆన్ (5:32) బోధ.

ప్రళయదినాన లెక్క చెప్పవలసింది ప్రయోగశాలలో ఉన్నవారు మాత్రమే అనుకోరాదు. ఆ మందుతో బ్రతికిన మనమూ ఆ గుర్రానికి, ఆ ఎలుకకు ఋణపడి ఉన్నాము. మన పెరట్లోని మేకకు నీడ, బండి లాగే ఎద్దుకు విశ్రాంతి, వీధి కుక్కకు గుక్కెడు నీళ్లు ఇవ్వడంతోనే ఆ ఋణం తీర్చడం మొదలుపెడదాం. మూగజీవాల పట్ల దయ చూపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.