శాస్త్రజ్ఞుని ఋణం

రోగిని పరిశీలించి శాస్త్రసత్యాన్ని కనుక్కున్నవాడు ఆ రోగికి ఋణపడతాడా? సత్యం సర్వజనుల సొత్తు, కనక అందులో ఋణం మాటే లేదని కొందరంటారు. వినడానికి ఉదాత్తంగానే వుంది. అయితే ఈ వాదం నిజానిజాలు తేల్చుకోవడానికి మన ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ వుంది.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఈ వ్యాధిని గురించి ప్రకటించారు. వారు చూసినది నెల్లూరు జిల్లా పల్లెజనాన్ని. పళ్ళకు పట్టిన గార, బిగిసిపోయిన వెన్ను, ఎక్స్‌రేలో మామూలుకంటె దట్టంగా కనిపించే ఎముకలు, వీటన్నిటికీ మూలం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని చెప్పారు. అది గొప్ప పరిశోధన, సందేహం లేదు.

గార పట్టిన పన్ను వొక దస్తావేజు. పసితనంలో, చిగురు చాటున పంటిపై పింగాణీ పొర తయారయ్యే రోజుల్లో బిడ్డ తాగిన నీరు ఆ పొరను చెడగొడుతుంది. ఆ తర్వాత ఎంత తోమినా గార పోదు. ఎముక సంగతి మరింత క్రూరమైనది. ఫ్లోరైడ్ చేరినకొద్దీ అది దట్టమవుతుంది, దట్టమై పెళుసవుతుంది. కండరాలు, కీళ్ళు అతుక్కునే చోట సున్నం పేరుకుంటుంది. ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడినట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే వైద్యునికి అనుమానం చాలావరకు తీరినట్టే. వెన్నుపాము నొక్కుకొని కాళ్ళు పడిపోయినవారికి ఎముక తొలగించి ఒత్తిడి తగ్గించవచ్చు. వంకరపోయిన కాలిని కోసి సరిచేయవచ్చు. కాని ఆసుపత్రి నుంచి ఇంటికి పోయి మళ్ళీ అదే బోరునీళ్ళు తాగేవానికి ఆ కత్తి ఎంతకాలం కాపు కాస్తుంది?

వ్యాధిమూలం తెలిసి ఎనభై యేళ్ళు దాటింది. ఇక పరిశోధనే వద్దని నేననను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఈ వ్యాధి వున్న ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గురించి రాశారు. అది కొత్త ఎరుక. తిండిలో కాల్షియం చాలనివానికి ఈ విషం మరింత ఎక్కుతుందని కూడా ఇప్పుడు తెలుసు. అంతవరకు సరే. తెలిసినదాన్నే మళ్ళీ తెలుసుకోవడానికి బడిపిల్లల నోళ్ళు తెరిపించి లెక్క రాసుకొని పోవడం మాత్రం వేరు. పటిక, సున్నంతో నీటి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరు పెట్టారు. ఆ జిల్లాకు పేరైతే దక్కింది.

ప్రమాణాల్లోనూ ఈ చిక్కు వుంది. మన దేశపు ప్రమాణం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ను అంగీకరిస్తుంది. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 దాకా పోనిస్తుంది. వేరే నీరు లేనివాని ఎముక గట్టిదా? కుందుర్పి మెట్టలో బావులు ఎండితే బోరు వేయాలి, అదీ ఎండితే ఇంకా లోతుకు పోవాలి. రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగే అవకాశం వుంది. డబ్బున్నవాడు క్యాను నీళ్ళు కొనుక్కుంటాడు. ఎండలో శెనక్కాయ చేనులో పనిచేసే కూలి, నీడన కూచున్న గుమాస్తాకంటె ఎన్నో చెంబులు ఎక్కువ తాగుతాడు. సంగటి కూడా ఆ నీటితోనే కెలకాలి. లీటరుకు లెక్క ఇద్దరికీ వొకటే, వొంట్లోకి పోయేది వొకటి కాదు. ప్రమాణం కాగితం మీద సమానంగా వుండి శరీరాల మీద వర్గభేదం పాటిస్తున్నది.

హెల్సింకి ప్రకటనను 2000లో సవరించినప్పుడు, పరిశోధన ఏ జనం మీద జరుగుతుందో ఆ జనానికి దానివల్ల మేలు కలిగే అవకాశం వుంటేనే అది సమర్థనీయమన్నారు. మేలు అంటే ఏమిటో తేల్చాలి. నివేదికలో "అవగాహన కలిగింది" అని రాస్తే మేలు జరిగినట్టు కాదు. పళ్ళు చూపించిన బిడ్డ ఏ బోరు నీళ్ళు తాగుతున్నదో, దానిలో ఫ్లోరైడ్ ఎంత వున్నదో వూరివారికి తెలుగులో చెప్పడం, పంచాయతీకి రాసివ్వడం, వేరే నీరు వచ్చేదాకా అడుగుతూ వుండడం పరిశోధనలో భాగమేనని నా వాదం. అది శాస్త్రజ్ఞుని పని కాదని అంటారు. మరి నోరు తెరిచి చూపించడం ఆ బిడ్డ పని ఎట్లా అయింది?