సబ్బు తయారీ – సత్యశుద్ధ కాయకము

పరుల మురికిని వదలించు పనియే శివపూజగా జీవించిన శరణుడు మడివాలు మాచయ్య. 12వ శతాబ్దిలో కల్యాణమున వెలసిన ఆ మహనీయుని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను. శుద్ధి చేయు పని తక్కువది కాదని మనము ఆయన వలన తెలిసికొంటిమి. అయితే శుద్ధి చేయు వస్తువును తయారుచేయువారి శుద్ధి ఎట్టిది? నరసరావుపేటలో గాని, గురజాలలో గాని పదిమంది కూడి చేతితో సబ్బులు చేయుట నేర్చుకొనుచోట ఈ ప్రశ్న ఎదురగును.

నూనె ఒక్కటే మురికిని వదలింపజాలదు. కాస్టిక్ సోడా ఒక్కటే అయినచో చేతిని కాల్చును. రెండును తగిన పాళ్లలో కలిసి తమ తమ గుణములను విడిచినప్పుడే సబ్బు పుట్టును. కిలో కొబ్బరినూనెను సబ్బుగా మార్చుటకు సుమారు 183 గ్రాముల సోడా పట్టును. నేర్పరులు అందులో 5 శాతము తగ్గించి 174 గ్రాములే వేయుదురు. వేపనూనెకు ఇంకను తక్కువ చాలును. సోడాను నీటిలో వేయవలెనే గాని, నీటిని సోడాపై పోయరాదు. అచ్చులో గట్టిపడిన సబ్బును కోసి 4 నుండి 6 వారములు గాలికి ఆరనీయవలెను.

ధర్మసూక్ష్మము ఇచ్చటనే కలదు. తూకము తప్పినను, గడువునకు ముందే అమ్మినను కొనువారికి వెంటనే తెలియదు. రంగును వాసనయు లోపమును కప్పిపుచ్చును. అది బయటపడునది ఏ పసిబిడ్డ ఒంటిమీదనో! ఒకరి అసత్యమును వేరొకరి చర్మము భరింపవలసి వచ్చును. శరణులు కేవలము కాయకమని ఊరకుండక, సత్యశుద్ధ కాయకమని నొక్కి చెప్పుటలోని అంతరార్థ మిదియే.

కాని వారమువారము అప్పు తీర్చవలసిన ఇల్లాలికి నాలుగు వారములు ఆగుమని చెప్పుట తేలిక. ఆగుట తేలిక కాదు. ఆమె తొందర దురాశ కాదు, అవసరము. కావున సత్యమును ఆమెకు బోధించి, దాని భారమును ఆమె ఒక్కదానిపైననే మోపుట న్యాయము కాదు. నూనెకు, సోడాకు ముందుగా సొమ్మిచ్చి, సరకు ఆరువరకు ఆమె ఇల్లు గడచునట్లు చూచుట సంఘమునకును మఠమునకును విధి. దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు, సత్యముగా పనిచేయుటకు వ్యవధి నిచ్చుటయు దాసోహమే.

మాచయ్య జీవించిన ఆ శతాబ్దిలోనే పల్నాటి బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు నడిపించెను. నలుగురును ఒకే చాపపై కూర్చుండి కుడుచుట నేర్చిన గడ్డ యిది. ఓర్పు భారమును కూడ నలుగురును పంచుకొనుట ఈ గడ్డకు కొత్త కారాదు.