పగ్గములెవరి చేతిలో?

మూసియున్న రైలు గేటు చెంత కొంతసేపు నిలిచి చూచినవారికి మనుజుని మనస్సును గూర్చి ఒక గ్రంథము చదివినంత తెలియును. తొలుత వచ్చిన వాహనములు ఎడమప్రక్కన వరుసగా నిలుచును. పిదప వచ్చిన ఒకడు ఆ వరుస వెనుక నిలుచుటకు మనసొప్పక, కుడిప్రక్కన ఖాళీగా నున్న దారిలో ముందునకు సాగి గేటునానుకొని నిలుచును. వానిని చూచి మరి పదిమంది. గేటుకు ఆవలివైపునను ఇదియే తంతు. రైలు పోవును, గేటు లేచును. ఇటువారు దారి నిండ, అటువారు దారి నిండ, రెండు సేనలవలె ఎదురెదురుగా నిలిచియుందురు. ఇక ఎవ్వరికిని కదలుటకు తావు లేదు. రెండు నిమిషములలో దాటవలసినది అరగంట పట్టును. అందరును హారనులు మ్రోగింతురు. మరునాడు అదే గేటు, అదే మనుష్యులు, అదే తొందర. అనుభవము లేక చేసిరందమా, నిత్యమును చూచుచునే యున్నారు. తెలివి లేదందమా, వారిలో పెద్ద చదువులు చదివినవారు కలరు, బడిలో లెక్కలు చెప్పు పంతుళ్ళును కలరు.

నగరములలో నేడు వీధి వీధినా వ్యాయామశాలలు వెలసినవి. ఉదయమున ఒక గృహస్థు రెండు వీధుల ఆవలనున్న వ్యాయామశాలకు కారులో బయలుదేరును. గుమ్మమునకు దగ్గరగా కారు నిలుపుటకు చోటు దొరకువరకు రెండు మూడు చుట్లు తిరుగును. రెండవ అంతస్తునకు లిఫ్టులో పోవును. పోయి, ఉన్నచోటనే తిరిగెడు పట్టాపై అరగంట నడచును. మెట్లెక్కుచున్నట్లు కాళ్ళాడించు యంత్రముపై మరికొంతసేపు శ్రమించును. చెమట తుడుచుకొని మరల లిఫ్టులోనే దిగును. ఇల్లు చేరి, మంచినీళ్ళు అందిమ్మని భార్యను కేకవేయును. వినుటకిది నవ్వుగానే యున్నది. కాని అలిపిరినుండి గోవిందనామముతో మెట్లన్నియు ఎక్కివచ్చి, కొండపైన నాలుగడుగుల దూరమునకు ఉచిత బస్సుకొరకు ముప్పావుగంట ఎదురుచూచు యాత్రికులును లేకపోలేదు.

ఈ వింతకు కారణమేమని అర్జునుడే అడిగినాడు. గీత మూడవ అధ్యాయమున అతని ప్రశ్న యిది: తనకిష్టము లేకున్నను, ఎవరో బలాత్కారముగ త్రోసినట్లు, మనుజుడేల తప్పు చేయుచున్నాడు? రజోగుణమునుండి పుట్టిన కామక్రోధములే శత్రువులని స్వామి సమాధానము. అంతటితో ఆగక, ఆ శత్రువు కాపురముండు చోట్లను గూడ చెప్పినాడు. ఇంద్రియములందు, మనస్సునందు, చివరకు బుద్ధియందు సైతము అది చొరబడియుండునట. చదివిన చదువు రైలు గేటువద్ద అక్కరకు రాకుండుటకు హేతువిదే. శత్రువును పట్టుకొనవలసిన బంటే శత్రువుతో చేరినపుడు ఇంటికి కావలి ఎవ్వరు?

ఆ ప్రశ్న పుట్టిన చోటును గూడ గమనింపవలెను. అడిగినవాడు రథములో కూర్చున్నాడు. చెప్పినవాడు పగ్గములు పట్టియున్నాడు. శరీరము రథమనియు, ఇంద్రియములు గుఱ్ఱములనియు, మనస్సు పగ్గమనియు, బుద్ధి సారథి యనియు కఠోపనిషత్తు చెప్పియున్నది. శ్రీభాష్యమున ఆనుమానికాధికరణమందు భగవద్రామానుజులు ఈ రథరూపకమును విచారించినారు. వశపరచుకొనవలసినవానిలో ఇంద్రియములకంటె విషయములు, విషయములకంటె మనస్సు, మనస్సుకంటె బుద్ధి, బుద్ధికంటె జీవుడు, ఇట్లు ఒకదానికంటె ఒకటి బలవత్తరమనియు, అన్నిటికి పైవాడైన పరమపురుషుని వశము చేసికొనుట యనగా ఆయనకు శరణాగతి చేయుటయే యనియు వారి నిర్ణయము. జీవునకు సహజమైనది శేషత్వము. అంటుకొనిన రోగము స్వాతంత్ర్యాభిమానము. కారు చక్రము చేతికి వచ్చినంతనే ఆ రోగము ముదురును. ఇంటిలో సాధువుగా నున్నవాడు, కోవెలలో తీర్థమునకు వినయముతో చేయి చాచినవాడు, చక్రము ముందు కూర్చున్న మరుక్షణమున దారి యంతయు తనదే ననుకొనును.

ఇచ్చట మరియొక ప్రమాదము కలదు, అది భక్తులకే ప్రత్యేకమైనది. కొత్త మోటారుసైకిలు కొనినవాడు కోవెలకు తెచ్చి పూజ చేయించును. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కించును. స్వామి పటమును ముందు అతికించును. ఇంత చేసి, కొనిన హెల్మెట్టును అద్దమునకు తగిలించి వట్టితలతో పోవును. పెట్టుకొనుమన్న, “అన్నియు స్వామియే చూచుకొనును” అనును. వినుటకు ప్రపత్తివలెనే యున్నది. కాని శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములలో మొదటిది స్వామికి అనుకూలముగ నడచుకొందునను సంకల్పము. రెండవది ప్రతికూలమైనదానిని విడుచుట. రక్షించునను విశ్వాసము మూడవది. మొదటి రెంటిని విడిచి మూడవదానిని మాత్రము పట్టుకొనుట విశ్వాసము కాదు. స్వామి యిచ్చిన దేహమును, ఎదుట నడచు స్వామి బిడ్డలను లక్ష్యపెట్టక, రక్షణభారమును మాత్రము ఆయనపై మోపుట అది. సేవకుడు యజమానికి ఆజ్ఞలిచ్చినట్లున్నది.

తిరుమల దారిలోనే దీనిని చూడవచ్చును. 1944లో తెరచిన మొదటి ఘాట్‌రోడ్డున నేడు వాహనములు దిగును. 1974లో తెరచిన రెండవదానిపై ఎక్కును. ప్రమాదములు నివారించుటకై ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు కనీస కాలమని నిర్ణయించి, అంతకు ముందే చేరినవారికి జరిమానా విధించు ఏర్పాటు చేసిరి. దీనికి కొందరు కనిపెట్టిన ఉపాయమేమి? దర్శనమైనది, ప్రసాదము ఒడిలో నున్నది. మలుపులన్నియు మిక్కిలి వేగముగ దిగివచ్చి, తనిఖీ చోటునకు కొంచెము ఎగువన దారి ప్రక్క నిలుపుదురు. మిగిలిన కాలము గడచువరకు అచ్చటనే కూర్చుందురు. వేగము వలన ఒక్క నిమిషమైనను మిగులలేదు. ప్రాణము మాత్రము పణముగ పెట్టబడినది, అదియు తమ ప్రాణమొక్కటియే కాదు.

ఏలయన ఆ దారి వాహనములది మాత్రమే కాదు. మోకాళ్ళ పర్వతము చేరుటకు ముందు అలిపిరి నడకదారి కొంతమేర ఈ ఘాట్‌రోడ్డు వెంబడినే సాగును. సాలగ్రామమయమైన కొండను పాదముతో తాకుటకు వెరచి శ్రీరామానుజులవారు మోకాళ్ళపై ఎక్కిరని పెద్దలు చెప్పు తావు అది. అచ్చట ఒక అవ్వ మనుమని చేయి పట్టుకొని నడచుచుండును. ఎగువ మలుపున కారు చప్పుడు విని బాలుని గోడవైపునకు లాగికొనును. “గోవిందా” యని ఆమె నోట వచ్చునంతలో కారు దాటిపోవును.

క్రిందను ఆ కారు చెట్టునీడన నిలిచియుండును. అద్దము ముందర స్వామి పటము ఇంకను ఊగుచుండును. చోదకుడు గడియారము చూచుకొని, ఇంకను పది నిమిషములున్నవని వెనుకనున్నవారితో చెప్పును. ఆ పది నిమిషములలో బాలుడు అవ్వ చేయి వదలక మోకాళ్ళ మెట్టున మొదటి మెట్టు ఎక్కియుండును.