ముత్యపుచిప్పలో వెండి, సబ్‌మెరైనర్‌లో సెల్లు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక వాచీ రిపేరు కొట్టు. కొట్టంటే పెద్దగా ఏమీ లేదు, మెట్ల కింద ఒక గాజు పెట్టె, దాని వెనక ఒక స్టూలు. స్టూలు మీద కూర్చున్న భాయ్ కుడికంటికి భూతద్దం బిగించుకుని వాచీ వెనక మూత తిప్పాడు. ఎదురుగా నిలబడ్డ మాస్టారు ముప్పై ఏళ్లు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. వాచీ ఆయనదే. దుబాయ్ నుంచి వచ్చిన పాత శిష్యుడొకడు కాళ్లకు దండం పెట్టి, స్వయంగా చేతికి తొడిగి వెళ్లిన రోలెక్స్ సబ్‌మెరైనర్. నాలుగు నెలలకే ఆగిపోయింది.

"ఇందులో సెల్లుంది మాస్టారూ."

"అయితే మార్చెయ్ భాయ్."

"మార్చడం కాదండీ. అసలు ఇందులో సెల్లు ఉండకూడదు."

సబ్‌మెరైనర్‌ను రోలెక్స్ ఏనాడూ సెల్లుతో చేయలేదు. చేయి కదిలితే దానంతట అదే స్ప్రింగు చుట్టుకునే మెషీన్ అది. ఇప్పటివాటిలో సెకన్ల ముల్లు సెకనుకు ఎనిమిది చిన్న అడుగులు వేస్తుంది, చూసేవాళ్లకు జారుతున్నట్టే ఉంటుంది. భాయ్ పాత సెల్లు తీసి కొత్తది తాకించగానే మాస్టారి వాచీలో ముల్లు సెకనుకొకసారి ఎగిరి పడింది. తేదీ మీద అతికించిన బుడిపె అద్దం అసలుదానిలో అంకెను రెండున్నర రెట్లు పెంచి చూపిస్తుంది. ఇందులో 17 అంకె బయట ఎంతుందో లోపలా అంతే ఉంది.

"ఫస్ట్ కాపీ కూడా కాదు," అని పెదవి విరిచాడు భాయ్. దొంగసరుకులోనూ కులాలున్నాయి మరి.

మాస్టారికి కోపం రాలేదు, పాఠం గుర్తొచ్చింది. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం శంకరులు అధ్యాసభాష్యంలో చెప్పిన ఉదాహరణ. "నిన్నటిదాకా నాది భ్రాంతి. నువ్వు మూత తీశావు, పోయింది. రేపు కూడా ఇదే పెట్టుకుని పెళ్లికెళ్లాననుకో, అప్పుడు భ్రాంతి నాది కాదు, ఎదుటివాడిది. తాడని తెలిసీ, చూసినవాళ్లు పామనుకోవాలని చేత పట్టుకుని తిరిగినట్టు."

భాయ్ ఒప్పుకోలేదు. "ఆ పెళ్లిలో సగం మెడల్లో ఉండేది చిలకలపూడి గిల్టే కదండీ. దానికి లేని తప్పు దీనికెందుకు?"

మంచి ప్రశ్న. బందరు పక్కన చిలకలపూడిలో తరతరాలుగా ఎన్నో కుటుంబాలు గిల్టు నగల మీదే బతుకుతున్నాయి. ఆ సరుకు గిల్టుగానే అమ్ముడవుతుంది, ఆ ధరకే. "దాని మీద ఇంకొకడి పేరుండదు భాయ్. నీ దగ్గరున్న ఈ వాచీ టైము చెబుతోంది, అది నిజమే. అబద్ధమంతా డయల్ మీది ఐదక్షరాల్లో ఉంది."

"గిల్టు గొలుసు వేసుకున్నావిడ పక్కావిడతో ఇది గిల్టమ్మా అని చెబుతుందా?"

మాస్టారు నవ్వేశారు. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదనిపిస్తుంది.

పేరు దొంగతనం కొత్తది కాదు. పారిస్‌లో వాచీలు చేసిన అబ్రహాం లూయీ బ్రెగే బతికుండగానే ఆయన పేరుతో నకిలీలు పుట్టుకొచ్చాయి. తట్టుకోలేక 1795 ప్రాంతంలో ఆయన డయల్ మీద, ఏటవాలు వెలుతురులో తప్ప కనబడనంత సన్నగా రహస్య సంతకం చెక్కించడం మొదలుపెట్టాడు.

"సరే, దీన్నేం చేయాలి? అమ్మేస్తే?"

"ఆ పని మాత్రం వద్దండీ," భాయ్ గొంతు తగ్గించాడు. కారణముంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ ప్రకారం నకిలీ గుర్తున్న సరుకు అమ్మినా, అమ్మకానికి దగ్గరుంచుకున్నా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అమ్మే ఉద్దేశం లేకుండా చేతికి పెట్టుకున్నవాడి జోలికి ఆ సెక్షన్ రాదు. ఇటలీలో అయితే కొన్నవాడికే వేల యూరోల జరిమానా పడవచ్చు.

దొంగనోటు సంగతి ఇంకోలా ఉంటుంది. బ్యాంకులో ఇస్తే దాని మీద ముద్ర కొట్టి, ఉంచేసుకుని, రసీదు ఇస్తారు. దొంగవాచీకి అలాంటి కౌంటరు ఎక్కడుంది? అందుకే అది చేతులు మారుతూనే ఉంటుంది. అక్క కొడుక్కి, పనబ్బాయికి, ఆదివారం సంతకి. ప్రతి చేతి దగ్గరా ఒక మాట మింగేస్తారు.

"ఊరికే ఇచ్చేస్తే ఎవరికి నష్టం?" అన్నాడు భాయ్.

"పుచ్చుకున్నవాడు రేపు డబ్బవసరమై తాకట్టుకు తీసుకెళితే? నేను మింగిన మాటకు నలుగురిలో తలొంచుకునేది వాడు."

భాయ్ మాట్లాడకుండా సొరుగు లాగాడు. లోపల పాత హెచ్‌ఎంటీలు, జనతాలు, పైలట్లు. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. అప్పటికే పాతవాటికి గిరాకీ పెరిగింది, దాంతోపాటే రంగు మార్చిన డయళ్లు కూడా. కంపెనీ ఎన్నడూ వేయని రంగుల్లో పైలట్లు ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతాయి.

"మెషీన్ ఒకదానిది, కేసు ఇంకోదానిది, డయల్ ముంబైలో రంగేసింది. మూడూ హెచ్‌ఎంటీవే. ఇది అసలా, నకిలీనా చెప్పండి మాస్టారూ."

మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు వేసిన రథం ప్రశ్న ఇదే. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా? మాస్టారు ఆ కథ చెప్పబోయి ఆగారు. "కొనేవాడికి ఈ సంగతి చెబుతావా?"

"అడిగితే చెబుతా."

"అడక్కపోతే?"

భాయ్ సొరుగు మూశాడు. ఈసారి జవాబు లేనిది అతని దగ్గర.

శిష్యుడికి చెప్పాలా అన్నది మాత్రం ఎటూ తేలలేదు. తెలిసి ఇచ్చాడో, తనే మోసపోయాడో. మోసపోయుంటే చెప్పడమే మేలని మాస్టారు, గురుదక్షిణకు రేటు కట్టకూడదని భాయ్. భాయ్ మాటే బరువుగా ఉందేమో, మాస్టారు జేబులోంచి తీసిన ఫోన్ మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

చివరికి వాచీకి పేరు తీసేయడమని తేల్చుకున్నారు. రోలెక్స్ కిరీటం గుర్తు పైకి మూడు చోట్ల కనిపిస్తోంది, డయల్ మీద, కీ మీద, గొలుసు బకిల్ మీద. డయల్ ఊడదీసి, కొలతకు సరిపోయే బోసి తెల్లడయల్ వేశాడు. కీ మార్చాడు. బకిల్‌ను ఆకురాయితో రుద్దాడు, పది నిమిషాలు పట్టింది. తీసిన డయల్‌ను కత్తెరతో రెండుగా కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. ముల్లు ఎప్పట్లాగే సెకనుకొకసారి ఎగురుతోంది.

మాస్టారు అడక్కుండానే భాయ్ బిల్లు రాశాడు: పేరు లేని వాచీ ఒకటి, డయలు, కీ, సెల్లు మార్పిడి, మూడు వందల యాభై రూపాయలు. తర్వాత సొరుగు మళ్లీ లాగి, హెచ్‌ఎంటీలకు కట్టిన ధర చీటీలు ఒక్కొక్కటే తిరగేసి, వెనక 'డయల్‌కు రంగేసింది' అని రాయడం మొదలుపెట్టాడు.